పాత భోషాణాన్ని విత్తనాల పెట్టెగా మార్చుకోవడం: చెక్క ముట్టుకోకముందు చూడాల్సినవి, తర్వాత చేయాల్సినవి

పై వీడియోలో మా భోషాణం పని ముందు ఎలా ఉందో, తర్వాత ఎలా తయారైందో చూశారు కదా. వీడియోలో పన్నెండు నిమిషాల్లో అయిపోయినట్టు కనిపిస్తుంది గానీ, అసలు పనికి ఇరవై రోజులు పైనే పట్టింది. అందులో మేం చేతులతో చేసింది నాలుగైదు రోజులే. మిగతాదంతా ఆరనివ్వడం, చూడ్డం, మళ్ళీ ఆరనివ్వడం. వీడియోలో చెప్పడానికి టైం చాలని విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

మన కోనసీమలో మండువా లోగిళ్ళు ఒక్కొక్కటీ పడగొట్టి స్లాబు ఇళ్ళు కట్టుకుంటున్నారు. అందులో తప్పేం లేదు, పెంకుటింటి మరమ్మతు ఎంత కష్టమో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. కానీ ఇల్లు పడగొట్టే వారంలోనే పాత సామాన్లు కొనేవాళ్ళు వచ్చి భోషాణం, పందిరి మంచం, గుమ్మాలు, ఉయ్యాల బల్ల అన్నీ కలిపి ఒక రేటు చెప్పి తోలుకుపోతారు. వాటిలో టేకు, మద్ది, పనస చెక్కలు ఉంటాయి. అంత ముదురు చేవ ఉన్న చెక్క ఇప్పుడు కొత్తగా కొనాలంటే దొరకడమే కష్టం. మరో పక్క మనమే దేశవాళీ విత్తనాలు దాచుకోవడానికి ప్లాస్టిక్ డ్రమ్ములు కొంటున్నాం. ఇంట్లో ఉన్న పెట్టెని బాగుచేసుకుంటే ఆ పని అదే చేస్తుంది.

అయితే ప్రతి పాత పెట్టే విత్తనాలకి పనికిరాదు. ఈ వ్యాసంలో ముఖ్యమైన విషయం ఇదే, దయచేసి దాటేయకండి.

ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి

"ఈ పెట్టెలో ఏం దాచేవాళ్ళు మావయ్యా? ధాన్యంలో పురుగు పడితే ఏ పొడి చల్లేవాళ్ళు?" అని అడగండి. ఒకప్పుడు గాదెల్లో, పెట్టెల్లో, బస్తాల మీద బి.హెచ్.సి. పొడి చల్లడం మామూలే. గమాక్సిన్ అనేవాళ్ళు. డి.డి.టి. కూడా వాడారు. మన దేశంలో బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు. అంతకుముందు చల్లిన పొడి అయితే చెక్క పగుళ్ళలో, అతుకుల్లో ఉండిపోతుంది. ఈ రకం మందులు త్వరగా విరిగిపోవు, కొవ్వులోకి, నూనెలోకి సులువుగా చేరతాయి. కడిగినా, ఉప్పు కాగితం పట్టినా చెక్క లోపలికి ఇంకినది పూర్తిగా పోదు. పైగా ఉప్పు కాగితం పడితే ఆ దుమ్ము మన ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

అలాంటి పెట్టె అని తేలితే విత్తనాలకి, పప్పులకి, బియ్యానికి, దుప్పట్లకి కూడా వాడొద్దు. పార, గునపం, పైపు ముక్కలు పెట్టుకోవడానికి షెడ్డులో వేసుకోండి. పొయ్యిలో మాత్రం పెట్టొద్దు. సేంద్రియ సర్టిఫికెట్ ఉన్న రైతులైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పొలంలో చుక్క మందు వేయకుండా పండించి, నిల్వ చేసే చోట పాత మందు అంటించుకుంటే ఏం లాభమండీ.

రెండోది పాత పెయింటు. మన ఇళ్ళలో పెట్టెలకి, కిటికీలకి ఆకుపచ్చ, నీలం ఎనామిల్ పెయింట్లు వేసేవాళ్ళు. పాత రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. ఇళ్ళకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి అంతకంటే పాత రంగు ఏదైనా సీసం ఉన్నదే అనుకుని పని చేయండి. రంగు గట్టిగా ఉండి, పెట్టె బయటివైపే ఉంటే గోకకుండా వదిలేయొచ్చు. పెచ్చులు లేస్తుంటే తడి చేసి, తడి మీదే ఉప్పు కాగితం పట్టాలి. పొడిగా రుద్దడం, మంట పెట్టి కాల్చడం రెండూ వద్దు. చిన్నపిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. రాలిన పెచ్చులు కవర్లో కట్టేయండి. పశువుల పాక దగ్గర, కంపోస్టు గుంటలో, కొబ్బరి పాదుల్లో పారేయొద్దు. పశువులకి రంగు పెచ్చులు నాకే అలవాటు ఉంది, సీసం విషం ఎక్కి చనిపోతాయి. మన జీవామృతం అంతా ఆ ఆవు మీదే ఆధారపడి ఉంది కదా. పెట్టె లోపలి వైపు కూడా రంగు ఉంటే, అది పూర్తిగా తీసేసేదాకా విత్తనం పెట్టకండి.

ఈ రెండు పరీక్షలూ దాటిన పెట్టె అయితే ఇక పని మొదలుపెట్టొచ్చు.

పురుగు ఉందా, వెళ్ళిపోయిందా?

చెదలు, చెక్క పురుగు ఒకటి కాదు. చెదలు నేల నుంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకి వస్తాయి. చెక్క పురుగు చెక్కలోనే పుట్టి పెరిగి, గుండుసూది తల అంత బెజ్జం చేసుకుని బయటికి వచ్చేస్తుంది. కింద పిండిలా రాలుతుంది. చెక్కలో తెల్లగా ఉండే పైపొరలో పిండి పదార్థం ఉంటుంది, పురుగు తినేది దాన్నే. ముదురు చేవ జోలికి పెద్దగా రాదు. అందుకే పాత పెట్టెల్లో అంచులు పోయినా నడుమ రాయిలా ఉంటుంది.

బెజ్జాలు కనిపించగానే కంగారు పడొద్దు. అవి పాతికేళ్ళ నాటివి కూడా కావొచ్చు. పెట్టెని శుభ్రంగా దులిపి, కింద నల్ల కాగితమో నల్ల గుడ్డో పరిచి వారం పది రోజులు కదపకుండా ఉంచండి. కొత్త పిండి రాలితే పురుగు ఇంకా ఉన్నట్టు. రాలకపోతే మరో నెల చూసి వదిలేయొచ్చు.

పురుగు ఉంటే ఏం చేయాలి? ఎండలో పెడితే సరిపోతుందని చాలామంది అంటారు. అంతర్జాతీయంగా ఎగుమతి పెట్టెల చెక్కకి పాటించే పద్ధతిలో చెక్క నడిబొడ్డున 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు ఉండాలి. ఏప్రిల్ ఎండలో నల్ల పాలిథిన్ చుట్టి పెడితే సన్నటి అరలకి ఆ వేడి రావొచ్చు, మందపాటి పలకల మధ్యకి చేరదు. పైగా ఎర్రటి ఎండలో పాత పలకలు వంకర పోతాయి, అతుకులు విచ్చుకుంటాయి. సన్న చెక్కలకి ఎండ సరే, మందపాటి వాటికి బోరాక్స్ పద్ధతి మేలు.

బోరాక్స్ మనకి కొత్త కాదు, కొబ్బరిలో బోరాన్ లోపానికి వాడేదే. వెదురు నిల్వకి వాడే పాళ్ళే ఇక్కడా పనికొస్తాయి: 10 లీటర్ల వేడి నీళ్ళలో 200 గ్రాముల బోరిక్ యాసిడ్, 300 గ్రాముల బోరాక్స్ కరిగించి, ఏ నూనే రంగూ లేని పచ్చి చెక్కకి బ్రష్షుతో రెండు మూడు సార్లు పట్టించాలి. బెజ్జాల్లోకి సిరంజితో ఎక్కించాలి. వారం రోజులు నీడన ఆరనివ్వాలి. ఇది కాళ్ళకి, అడుగుకి, వెనక వైపుకి, బయట వైపుకి మాత్రమే. విత్తనం తగిలే లోపలి గోడలకి పూయొద్దు. ప్రకృతి వ్యవసాయం చేస్తూ ఇదేంటి అని అడుగుతారు, తెలుసు. ఇది ఖనిజ లవణమే గానీ హాని లేనిది మాత్రం కాదు. పిల్లలకీ పశువులకీ అందకుండా ఉంచండి, మిగిలిన నీళ్ళు మొక్కల మొదట్లో పోయకండి. బోరాన్ కొంచెం ఎక్కువైనా మొక్క ఆకుల అంచులు మాడిపోతాయి.

వేప నూనె, కానుగ నూనె అతుకుల్లో, అడుగు భాగంలో రాస్తే కొంత కాపలా కాస్తాయి. చెక్క లోపల ఉన్న పురుగుని చంపుతాయని మాత్రం నేను చెప్పను. ఇక చెదలకి అసలు మందు దూరమే. కాళ్ళ కింద నాపరాయి ముక్కలు పెట్టి, గోడకి జానెడు ఎడంగా ఉంచి, నెలకోసారి టార్చి వేసి కింద చూసుకోండి. మట్టి గొట్టం కనిపిస్తే అప్పటికప్పుడు చెరిపేయొచ్చు.

కడగడం, అతుకులు, బెజ్జాలు

ఏళ్ళ తరబడి పట్టిన పొగ, జిడ్డు పోవడానికి కుంకుడు రసం చాలు. గోరువెచ్చగా చేసి, పీచుతో రుద్ది, వెంటనే గుడ్డతో తుడిచేయాలి. బకెట్లతో నీళ్ళు పోసి కడగొద్దు. చాకలి సోడా వాడితే జిడ్డు తొందరగా పోతుంది గానీ టేకు నల్లబడుతుంది.

పాత వడ్రంగుల పనిలో ఇనప మేకులు తక్కువ. ఒక చెక్క కొనని ఇంకో చెక్క బెజ్జంలోకి దింపి, అడ్డంగా చెక్క మేకు కొట్టేవాళ్ళు. అలాంటి అతుకు వదులైతే ఇనప మేకు దిగగొట్టకండి. మన తేమకి అది తుప్పు పట్టి చుట్టూ చెక్కని తినేస్తుంది. పాత చెక్క మేకు తీసేసి, ముదురు వెదురుతో కొంచెం లావుగా కొత్తది చెక్కించుకోండి. ఈ ఒక్క పనికి మాత్రం వడ్రంగిని పిలవడమే మంచిది. మా ఊరి వడ్రంగి బాబాయ్ అరపూటలో నాలుగు మూలలూ బిగించేశారు, మేమైతే రెండు రోజులు కుస్తీ పట్టేవాళ్ళం.

చిన్న బెజ్జాలు పూడ్చడానికి కొండపల్లి బొమ్మల వాళ్ళ మక్కు పనికొస్తుంది. చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. వాళ్ళు బొమ్మల భాగాలు అతకడానికి వాడతారు. ఆరాక ఉప్పు కాగితం పడితే చెక్కలో కలిసిపోతుంది. కానీ తేమ తగిలితే మెత్తబడుతుంది కాబట్టి పెట్టె బయట, పైన నూనె పూత పడే చోటే వాడండి. లోపల వాడితే బొద్దింకలకి విందు.

ఉప్పు కాగితం 80 నంబరుతో మొదలెట్టి 120, 220తో ముగించండి. ఎప్పుడూ చెక్క రేఖల వెంబడే, అడ్డంగా కాదు. ముక్కుకి గుడ్డ తప్పనిసరి.

కొబ్బరి నూనె ఎందుకు వద్దు

అంబాజీపేట పక్కన ఉండి ఈ మాట చెప్పడం కాస్త ఇబ్బందే. అందరూ అడిగేది ఇదే, మన గానుగ కొబ్బరి నూనె రాసేస్తే పోలా అని. నూనెల్లో ఆరేవి, ఆరనివి అని రెండు రకాలు ఉన్నాయి. అయోడిన్ విలువ అని ఒక లెక్క ఉంటుంది. అది ఎక్కువ ఉన్న నూనె గాలి తగిలితే గట్టిపడి పొరలా తయారవుతుంది. అవిసె నూనెకి అది 170 పైన, కొబ్బరి నూనెకి సుమారు 6 నుంచి 11. అంటే కొబ్బరి నూనె చెక్క మీద ఎన్నాళ్ళైనా నూనెలాగే ఉంటుంది, దుమ్ము పట్టుకుంటుంది, కొన్నాళ్ళకి కంపు కొడుతుంది. నువ్వుల నూనె మధ్యస్తం, అదీ పూర్తిగా ఆరదు.

కాబట్టి అవిసె నూనె. షాపుల్లో రంగుల పక్కన ఉండే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ తొందరగా ఆరడానికి అందులో లోహ లవణాలు కలుపుతారు. విత్తనాల పెట్టెకి గానుగలో తీసిన పచ్చి అవిసె నూనే తీసుకోండి. పల్చగా రాసి, అరగంట ఆగి, మిగిలిందంతా గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే జిగురు కడుతుంది. మన గాలిలో ఒక్కో పూత ఆరడానికి వారం పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మూడు పూతలు చాలు. అందుకే ఈ పని సంక్రాంతికి ఉగాదికి మధ్య పెట్టుకోవాలి, వర్షాల్లో మొదలెడితే దసరాకి కూడా ఆరదు. చివరి పూతకి నాలుగు వంతుల నూనెలో ఒక వంతు తేనె మైనం కరిగించి రాస్తే నీటి చుక్క నిలవదు. మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకుండా, వేడి నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి.

రంగు కావాలనుకునేవాళ్ళు ఏటికొప్పాక లక్క బొమ్మలు గుర్తు తెచ్చుకోండి. సి.వి.రాజు గారు అక్కడ గింజల, వేర్ల, ఆకుల రంగులని మళ్ళీ వాడుకలోకి తెచ్చారు, 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. వాళ్ళ లక్క పూత తిరిగే తరిణి మీద రాపిడి వేడితో పట్టేది, పెట్టెకి ఆ పద్ధతి కుదరదు. నా మాట అడిగితే మంచి టేకుకి రంగే అక్కర్లేదు.

ఒక ప్రమాదం గురించి చెప్పాలి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలని ఉండ చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతట అవే అంటుకుంటాయి. అగ్గిపుల్ల అక్కర్లేదు. మన ఇళ్ళ చుట్టూ గడ్డిమేటు, కొబ్బరి పీచు, ఎండు మట్టలు ఉంటాయి. పని అయిన వెంటనే గుడ్డలని తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో ముంచేయండి.

లోపల ఏమీ రాయొద్దు

పెట్టె లోపలి వైపు నూనె పూయకండి. మూసి ఉన్న చోట ఆ వాసన నెలల తరబడి పోదు, విత్తనాలకి పట్టేస్తుంది. శుభ్రంగా రుద్ది, తుడిచి, మూత తీసి వారం రోజులు గాలికి ఉంచితే చాలు.

చెక్క గాలి పీలుస్తుంది. అది మంచీ, చెడ్డా రెండూ. వానాకాలంలో బయటి తేమ లోపలికి వస్తుంది. మామూలు సంచుల్లో నిల్వ చేసే వరి విత్తనంలో తేమ 13 శాతం, పెసర, మినుము లాంటి పప్పుల్లో 9 శాతం దాటకూడదు. విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందని హారింగ్టన్ సూత్రం, డిప్లొమాలో చదివిందే. అందుకే వరి విత్తనాన్ని గోనె సంచిలో, మధ్య మధ్య వావిలాకు, వేపాకు ఎండబెట్టినవి వేసి పెట్టెలో పెట్టండి. కూరగాయ విత్తనాలు, పప్పులు మాత్రం బాగా ఎండబెట్టి మూత బిగువుగా ఉన్న సీసాల్లో పోసి, ఆ సీసాలని పెట్టెలో ఉంచండి. చీకటి, చల్లదనం పెట్టె ఇస్తుంది, తేమని సీసా ఆపుతుంది.

లంక గ్రామాల వాళ్ళకి ఒక మాట. 2022 జూలై వరదలాంటిది వచ్చి పెట్టె తడిస్తే, ఒండ్రు పొడి ఆరకముందే కడిగేసి, మూత తీసి, నీడన గాలికి పెట్టండి. ఎండలో పెట్టొద్దు, బలవంతంగా మూత బిగించొద్దు. చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఆరాక మళ్ళీ దాని చోటికి అదే వస్తుంది. పూర్తిగా ఆరడానికి నెలా రెండు నెలలు పట్టొచ్చు. లంకల్లో అయితే పెట్టెని అటక మీదకో, ఎత్తు అరుగు మీదకో ముందే చేర్చడం ఇంకా మంచిది.

ఏటా సంక్రాంతి వెళ్ళాక పెట్టె ఖాళీ చేసి, లోపల గుడ్డతో తుడిచి, బయట ఒక పల్చటి పూత వేసి, నల్ల కాగితం పరీక్ష మళ్ళీ ఒకసారి పెట్టుకోండి. వచ్చే వీడియోలో పాత మండువా గుమ్మం తలుపుతో పసుపు ఏరుకునే బల్ల ఎలా చేసుకున్నామో చూపిస్తాను.