ఫంక్షన్లు, గిట్‌: కలిపి సాధన చేయవచ్చా?

ప్రశ్న: పైథాన్‌ కొత్తగా నేర్చుకునేవారు ఫంక్షన్లు రాయడాన్నీ గిట్‌ వాడకాన్నీ విడివిడిగా నేర్చుకోవాలా?

జవాబు: రెండింటినీ కలిపి సాధన చేయడమే మేలు. కొన్ని విలువలను తీసుకుని, నిర్దిష్టమైన ఒకే పని చేసి, ఫలితాన్ని తిరిగి ఇచ్చే కోడ్‌ భాగాన్ని ఫంక్షన్‌ అంటారు. ఫలితాన్ని ‘ప్రింట్‌’తో తెరపై చూపితే చాలదు, ‘రిటర్న్‌’తో తిరిగి ఇచ్చినప్పుడే మిగతా ప్రోగ్రామ్‌ దానిని వాడుకోగలుగుతుంది.

లీపు సంవత్సరాన్ని గుర్తించే ఫంక్షన్‌ ఇందుకు తగిన అభ్యాసం. 4తో భాగించబడటాన్ని మాత్రమే పరీక్షిస్తే 2024కు సరైన ఫలితమే వచ్చినా, 1900ను కూడా అది లీపు సంవత్సరంగానే చూపుతుంది. 100తో భాగించబడేవి 400తోనూ భాగించబడాలన్న నియమాన్ని చేర్చాకే 1900, 2000 రెండింటికీ ఫలితం సరిపోతుంది.

ఈ రెండు దశలనూ వేర్వేరు కమిట్‌లుగా భద్రపరచాలి. లినక్స్‌ కెర్నల్‌ అభివృద్ధి కోసం లైనస్‌ టోర్వాల్డ్స్‌ 2005లో రూపొందించిన గిట్‌లో, ఎంపిక చేసిన మార్పులతో కూడిన ఫైళ్ల స్థితిని ఒక సందేశంతో నమోదు చేయడాన్నే కమిట్‌ అంటారు. ‘గిట్‌ లాగ్‌’ ఆ సందేశాల వరుసనూ, ‘గిట్‌ డిఫ్‌’ రెండు కమిట్‌ల మధ్య మారిన పంక్తులనూ చూపుతాయి కనుక, ఏ మార్పు ఎందుకు అవసరమైందో తరువాత కూడా తెలుసుకోవచ్చు. ఫంక్షన్‌ను పరీక్షించి చూసిన తరువాతే కమిట్‌ చేయడం తొలినుంచీ అలవరచుకోవాలి.