కోళ్ల మలేరియా
శంషాబాదు రైతు సోదరులారా! మలేరియా కోళ్లకును కలదు. దాని క్రిమి వేరు, మనుష్యులకంటదు. వ్యాపింపజేయునది మాత్రము దోమయే.

2008లో మన యూరికి విమానాశ్రయము రాకమునుపు విమానములు దిగిన బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దొర మనుష్యుల మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొనెను. మరుసటి యేడు కలకత్తాలో, రోగపు పక్షిని కుట్టిన దోమ మంచి పిచ్చుకకు రోగమంటించునని రుజువుపరచెను.

కోడి జుట్టు పాలిపోయి, మేత మాని ముడుచుకొనినచో వేరుచేసి పశువైద్యునకు చూపుడు. ఇతర రోగములందును ఈ గుర్తులుండును, రక్తపరీక్షయే నిర్ణయించును.

గ్రుడ్డు దోమయగుటకు సుమారు వారము, పదిదినములు పట్టును. కావున తొట్లను వారములోపుననే పారబోసి తోముడు. ప్రొద్దుగ్రుంకకమునుపే గూటికి సన్ననివల కట్టుడు. కోడి దక్కును, ఇంటికిని దోమలబాధ తగ్గును.