కారు కొనడానికి మంచి రోజు ఏది? ముహూర్తం వేరు, బిల్లు తేదీ వేరు

 

సూళ్లూరుపేటలో కొత్త బండి కొన్నవాళ్లు ముందుగా కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మ పరమేశ్వరి గుడికి తీసుకొస్తారు. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఆ తర్వాతే హైవే ఎక్కిస్తారు. మంచి రోజు చూసుకోవడం మన ఆచారం. అయితే ఆ మంచి రోజుకీ మన జేబుకీ కూడా సంబంధం ఉంది. ఈ రోజు పాఠం దాని గురించే.

ముందు ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి. కారు కొనడంలో తేదీలు రెండు. ఒకటి, బిల్లు వేసే తేదీ. ధర, పన్ను సాధారణంగా ఆ రోజు లెక్క ప్రకారమే పడతాయి. రెండోది, బండి ఇంటికి తెచ్చే తేదీ. ముహూర్తం ముఖ్యంగా దీనికి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే చాలామందికి ఖర్చు పెరుగుతుంది.

26 రోజుల తేడా

2025నే చూడండి. జీఎస్టీ తగ్గబోతోందని ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి చెప్పారు. ఆగస్టు 27న వినాయక చవితి. సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం తీసుకుంది. సెప్టెంబరు 22న కొత్త రేట్లు వచ్చాయి. ఆ రోజే ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, శరన్నవరాత్రులు మొదలు.

1200 సీసీ లోపు, 4 మీటర్ల పొడవు దాటని పెట్రోలు కారుకు అంతవరకు జీఎస్టీ 28, సెస్ 1, మొత్తం 29 శాతం. తర్వాత 18 శాతమే. పన్ను లేకుండా 5 లక్షల ధర ఉన్న కారు అనుకుందాం. చవితి రోజు బిల్లు వేస్తే 6,45,000. పాడ్యమి రోజు వేస్తే 5,90,000. తేడా 55,000 రూపాయలు! రెండూ మంచి రోజులే కదా. మహాలయ పక్షంలో కొనకూడదని ఆగినవాళ్లకు ఆచారమే డబ్బు మిగిల్చింది.

ఇలాంటి తగ్గింపు ఏటా రాదు. కానీ ప్రతి ఏడాదీ వచ్చేవి కొన్ని ఉన్నాయి.

ఆషాఢం, ఆడి మాసం

ఆషాఢంలో మనవాళ్లు కొత్త బండి తీసుకోరు. షోరూములు ఖాళీగా ఉంటాయి కాబట్టి బేరానికి దిగుతారు. శ్రావణం రాగానే జనం పెరుగుతారు, బేరం తగ్గుతుంది. మన ఊరికి ఇంకో సౌకర్యం ఉంది. చెన్నై దగ్గర. తమిళుల ఆడి మాసం సౌరమానం, మన ఆషాఢం చాంద్రమానం. 2025లో మనకు జూలై 25న శ్రావణం వచ్చింది, వాళ్లకు ఆగస్టు 16 వరకు ఆడి మాసమే. అంటే మనకు మంచి రోజులు, అక్కడ గిరాకీ లేని రోజులు. అయితే చెన్నైలో కొన్న బండికి తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేయించి, మన రాష్ట్రంలో లైఫ్ టాక్స్ కట్టాలి. అవన్నీ కలిపి, రోడ్డెక్కే ధరనే నెల్లూరు, తిరుపతి ధరలతో పోల్చండి.

డిసెంబరు

సంవత్సరం మారితే స్టాకులో ఉన్న బండి పాత సంవత్సరానిది అయిపోతుంది. అందుకే డిసెంబరులో తగ్గింపులు ఇస్తారు. జనవరిలో చాలా కంపెనీలు ధరలు పెంచుతాయి. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం వస్తుంది కాబట్టి, ఆచారం పాటించేవాళ్లు మార్గశిరంలో ఆలోపే చూసుకోవాలి. ఒక జాగ్రత్త. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. మూడు నాలుగేళ్లలో అమ్మేసే ఆలోచన ఉంటే, ఆ పాత సంవత్సరం రీసేల్‌లో ధర తగ్గిస్తుంది. పదేళ్లు వాడుకునేవాళ్లకు అది పెద్ద నష్టం కాదు.

మరి ఏం చేయాలి?

1. పంతులు గారిని ఒక్క ముహూర్తం కాదు, మూడు అడగండి. "ఆ రోజే కావాలి" అని మీరు అన్న క్షణమే బేరం పోతుంది.

2. ఆషాఢంలో ధర మాట్లాడి శ్రావణంలో బండి తీసుకోవాలంటే, ఏ తేదీ ధర వేస్తారో, తగ్గింపు ఎప్పటి వరకు ఉంటుందో కాగితం మీద రాయించుకోండి. అడ్వాన్స్ కట్టినంత మాత్రాన ధర ఖాయం కాదు. డబ్బు కట్టడానికి కూడా మంచి రోజు చూడాలని మీ ఇంటి పెద్దలు అంటే, వాళ్ల మాట ప్రకారమే చేయండి.

3. తగ్గింపు వచ్చిందని అప్పు పెంచకండి. 9 శాతం వడ్డీకి 6 లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే వడ్డీ సుమారు 1,47,000. అదే ఏడేళ్లకైతే దాదాపు 2,11,000. నెల వాయిదా తగ్గినట్టు కనిపిస్తుంది, బేరంలో మిగిలింది మాత్రం వడ్డీలో పోతుంది.

చెంగాళమ్మ గుడికి తలుపులు వేయరని అందరికీ తెలుసు. తల్లి ఎప్పుడూ మన కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. దసరా రద్దీలోనే రావాలని ఆమె ఎవరినీ అడగలేదు. అప్పుల భారం లేకుండా, ప్రశాంతమైన మనసుతో బండి తెచ్చి నిలబెట్టిన రోజే మంచి రోజు.

అమ్మ దయ మీ కుటుంబం మీద, మీ ప్రయాణాల మీద ఉండాలని కోరుకుంటూ, శుభమస్తు.