రేపు “మేము” కాదు, “మనం” వెళ్దాం

గత సంవత్సరం మా బడిలో చదివే ఒక పాప ఇంటికి ఇండియా నుంచి అమ్మమ్మగారు వచ్చారు. శుక్రవారం సాయంత్రం పాప ఉత్సాహంగా “అమ్మమ్మా, రేపు మేము జూకి వెళ్తున్నాం!” అని చెప్పింది. “అలాగే తల్లీ, వెళ్ళి రండి” అన్నారావిడ. మర్నాడు అందరూ కారెక్కుతుంటే ఆవిడ వంటింట్లోనే ఉండిపోయారు. “అమ్మమ్మ నాతో రానంటోంది” అని పాప ఒకటే ఏడుపు. ఆవిడేమో తనను పిలవలేదనుకున్నారు!

ఇంగ్లీషులో రెండింటికీ “వియ్” ఒక్కటే. తెలుగులో వింటున్నవారిని కలుపుకుంటే “మనం”, కలుపుకోకపోతే “మేము”. తమిళ, మలయాళాల్లోనూ ఈ తేడా ఉంది. “వెళ్తున్నాం” అనే క్రియ రెండింటికీ ఒకటే కనుక అర్థమంతా ముందున్న మాట మీదే ఆధారపడుతుంది. పిల్లలకు అది ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పవలసింది మనమే.

అందుకని తరగతిలో రోజూ పది నిమిషాలు మాట తీరుకు కేటాయించాం. మేము చేయిస్తున్న అభ్యాసాలు ఇవి:

1. పిలిచేటప్పుడు “వెళ్దాం, తిందాం, ఆడుకుందాం” అనాలి. ఇందులో ఎదుటివారు కలిసే ఉంటారు, పొరపాటుకు తావు లేదు.

2. పెద్దలను, కొత్తవారిని “మీరు” అనాలి. కొన్ని ఇళ్ళలో అమ్మమ్మను “నువ్వు” అనడం చనువే, తప్పు కాదు. తెలియనప్పుడు మాత్రం “మీరు”తో మొదలుపెట్టడం మంచిది.

3. సెలవు తీసుకునేటప్పుడు “వెళ్తాను” అని ఊరుకోకుండా “వెళ్ళొస్తాను” అనాలి. మళ్ళీ వస్తామన్న మాట అందులోనే ఉంది.

4. ఫోనులో “బాగున్నాను” అనేసి అమ్మ చేతికివ్వకూడదు. విన్న జవాబులోంచే ఇంకో ప్రశ్న వేయాలి. “భోంచేశారా?” “చేశాం నాన్నా.” “ఏం కూర?” “దొండకాయ.” “వేపుడా? మీరే చేశారా?” ఇలా మూడు ప్రశ్నలు దాటితే తాతగారే కబుర్లు మొదలుపెడతారు!

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు తప్పు మాట్లాడితే పదిమందిలో నవ్వకండి. ఒకసారి నవ్వితే మళ్ళీ నోరు విప్పరు. సరైన మాటను మీరు మామూలుగా అనండి, చాలు.

అమ్మమ్మగారు ఊరికి తిరిగి వెళ్ళిపోయారు. మొన్న ఫోనులో పాప “అమ్మమ్మా, మళ్ళీ ఎప్పుడొస్తావు? మనం జూకి వెళ్దాం” అని అడిగిందట. ఆవిడ ఆ సంగతి ఇంటికొచ్చిన వారందరికీ చెబుతున్నారని పాప వాళ్ళమ్మ మాతో అన్నారు.