పచ్చికకు పట్టిన జబ్బు

హోసూరు దగ్గర ఒక పల్లెలో తెలుగు బడి ఉంది. బడి ముందు గరిక పచ్చిక ఉండేది. పిల్లలు దానిమీదే ఆడుకునేవారు. ఒక వేసవిలో అది పసుపుబారింది. నడిచే దారిలో నేల బోసిపోయింది. మిగిలినచోట తుంగ మొలిచింది.

"దీన్ని తవ్వించి సిమెంటు వేయిస్తాను" అన్నారు ప్రధానోపాధ్యాయులు.

పిల్లలు చిన్నబోయారు. "అయ్యా! ఒక్క వానకాలం గడువివ్వండి" అని వేడుకున్నారు. ఆయన సరేనన్నారు.

పిల్లలు తోటమాలి తాత దగ్గరికి వెళ్లారు. "జబ్బు తెలియకుండా మందు వేయరాదు" అంటూ తాత దారిలో గడ్డపార గుచ్చాడు. అది దిగలేదు. "ఇన్ని కాళ్లు తొక్కితే మన్ను గట్టిపడుతుంది. వేళ్లకు గాలి, నీరు అందవు" అన్నాడు. పిల్లలు జానెడు ఎడంగా, బెత్తెడు లోతున రంధ్రాలు పొడిచి ఇసుక, చివికిన పశువుల ఎరువు నింపారు. అటు నడవడం మానుకున్నారు.

పసుపుబారినచోట తాత మట్టి తీసి చూపాడు. పైన తడి, లోపల పొడి! "రోజూ కాసిని నీళ్లు చిలకరిస్తే వేళ్లు పైపైనే ఉండి ఎండకు మాడతాయి. మూడు నాలుగు రోజులకొకసారి, ఉదయాన, బెత్తెడు లోతు తడిసేలా పోయండి. గడ్డిని మొదలంటా కోయకండి. ఎత్తులో మూడో వంతు కోస్తే చాలు. ఆకే మొక్కకు వంటిల్లు" అన్నాడు.

ఒక పిల్లవాడు తుంగను పెరికాడు. వారానికే అది మళ్లీ మొలిచింది. "తాతా! ఇదేమిటి?" అన్నాడు. "నువ్వు ఆకునే పెరికావు నాయనా! గడ్డ నేలలోనే ఉంది" అన్నాడు తాత. వాన పడి నేల మెత్తబడ్డాక పిల్లలు చిన్న పారలతో గడ్డలను తవ్వితీశారు. మొలిచినప్పుడల్లా విసుగుపడక తీశారు.

ఖాళీచోట రెండు మూడు కణుపులున్న గరిక తీగముక్కలు నాటారు. గరిక కణుపు కణుపునా వేరు తొడిగి అల్లుకుంటుంది. దీపావళి నాటికి నేల పచ్చబడింది. వేపచెట్టు కింద మాత్రం గడ్డి రాలేదు. గరికకు ఎండ కావాలి మరి!

ప్రధానోపాధ్యాయులు వచ్చి చూశారు. "చెట్టు కింద కూర్చోడానికి బండలు వేయిద్దాం. మిగతాదంతా మీ పచ్చికే" అన్నారు నవ్వుతూ.

ప్రశ్నలు
1. దారిలో గడ్డి ఎందుకు చచ్చిపోయింది?
2. పెరికిన తుంగ మళ్లీ ఎందుకు మొలిచింది?
3. మీ బడి ఆవరణలోని గడ్డిని పరిశీలించి ఐదు వాక్యాలు రాయండి.