ఫిఫ్టీ ఫిఫ్టీ అనకు తల్లీ

చి. బుజ్జికి,

ఉత్తరం అందింది. ‘సీటు వస్తే వస్తుంది, లేకపోతే లేదు, ఫిఫ్టీ ఫిఫ్టీయే కదా తాతయ్యా’ అన్నావు చూడు, ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

దారులు రెండే అయినంత మాత్రాన రెండూ సమానం కావు. అనుకూల పర్యవసానాలను మొత్తం పర్యవసానాలతో భాగిస్తే సంభావ్యత అని బట్టీపట్టావు. బాగుంది. కానీ భాగించే ముందు అవి సమసంభవాలేనా, అంటే అన్నీ సమానంగా జరిగేవేనా అని అడగాలి. అడగకపోతే ఆ లెక్కకు విలువ లేదు.

ఎందుకో ఒక ఆటలో చూడు. మా చిన్నతనంలో వేసవి మధ్యాహ్నాలు మేనత్త అరుగు మీద అష్టాచెమ్మా ఆట సాగేది. నాలుగు చింతపిక్కల్ని గచ్చుకేసి ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసేవాళ్ళం. ఎన్ని తెల్లగా పడితే అంత పందెం. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. పందేలు అయిదు రకాలు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది. మేం పిల్లలం ఎనిమిది పడాలని అరిచేవాళ్ళం. అత్తయ్య మాత్రం రెండు పడితే ఏ కాయను చంపొచ్చో చూసుకునేది.

పిక్క ఎటైనా సమానంగా పడుతుందనుకుందాం. నాలుగు పిక్కలకు 16 తీర్లు. ఎనిమిది పడే తీరు ఒక్కటే. రెండు పడే తీర్లు ఆరు. అయిదు రకాలున్నాయని ఒక్కోదానికి అయిదో వంతు ఇవ్వగలమా? పైగా అరగదీసిన వైపు చదును, రెండోవైపు ఉబ్బు. అందుకే ఆ 16 కూడా నిజంగా సమానమని ఒట్టేయలేం.

ఫ్రాన్సులో దలాంబేర్ అంతటి గణితవేత్త 1754లో ఇక్కడే తడబడ్డాడు. నాణెం రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత 2/3 అన్నాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయిందని దాన్ని ఒకే దారిగా లెక్కేశాడు. నిజానికి దారులు నాలుగు, అనుకూలం మూడు. జవాబు 3/4.

సీటు నాణెం కాదమ్మా. నువ్వు చదివిన ప్రతి పాఠం దాన్ని నీవైపు మొగ్గేలా చేస్తుంది. అందుకే ఫిఫ్టీ ఫిఫ్టీ అని చేతులు కట్టుకోకు. అభ్యాసంగా రెండు పాచికలకు 36 గళ్ళ పట్టిక గీసి, మొత్తం ఏడుకు ఎన్ని దారులో, పన్నెండుకు ఎన్నో వచ్చే ఉత్తరంలో రాసి పంపు.

ప్రేమతో,
తాతయ్య