దానం కన్నా ముందు బాకీ

ప్రశ్న: మాది బాలానగర్‌లో చిన్న లేత్ వర్క్‌షాపు. ఆరుగురు పనివాళ్లున్నారు. ఒక పెద్ద కంపెనీకి విడిభాగాలు చేసిస్తాం. కొనుగోలు ఆర్డరు (పీవో)లోనే 90 రోజుల గడువు రాస్తారు, డబ్బు వచ్చేసరికి 120 దాటుతుంది. అదే కంపెనీ మా దగ్గరి బడికి సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద బెంచీలిచ్చి పేపర్లో ఫొటో వేయించుకుంది. గట్టిగా అడిగితే ఆర్డర్లు పోతాయని భయం. ఏం చేయమంటారు?
- పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బెంచీలు పిల్లలకు పనికొస్తాయి, ఆ మేరకు సంతోషమే. కానీ మీకు రావలసిన సొమ్ము నాలుగు నెలలు వాళ్ల ఖాతాలో ఉంటే, ఆ నాలుగు నెలలూ మీరు బ్యాంకుకు ఓవర్‌డ్రాఫ్ట్ మీద వడ్డీ కడుతున్నారు. అంటే ఆ పెద్ద కంపెనీకి మీ ఆరుగురి కష్టం వడ్డీ లేని అప్పుగా వెళుతోంది. మీరు అడుగుతున్నది సాయం కాదు, బాకీ. ఈ తేడా మనసులో గట్టిగా పెట్టుకుంటే అడిగే గొంతు మారుతుంది.

చట్టం మీ పక్షానే ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈ) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారులకు 45 రోజుల్లోగా చెల్లించి తీరాలి. పీవోలో 90 అని రాసుకున్నా చెల్లదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. గడువు దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. 2023-24 నుంచి ఆదాయపు పన్ను చట్టం కూడా తోడైంది: గడువు దాటిన మీ బిల్లును, డబ్బు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఆ కంపెనీ ఖర్చుగా చూపుకోగలదు. వాళ్ల అకౌంట్స్ విభాగానికి వడ్డీ కన్నా ఇదే ఎక్కువ తగులుతుంది.

ఆర్డర్లు పోతాయన్న మీ భయం ఉత్తది కాదు. అందుకే మెట్టు మెట్టుగా వెళ్లండి. ముందు ప్రతి బిల్లు మీదా మీ ఉద్యం (ఎంఎస్‌ఎంఈ రిజిస్ట్రేషన్) నంబరు వేయండి. సరుకు పంపకముందే ఆ రిజిస్ట్రేషన్ ఉంటే మీ వాదన బలంగా నిలుస్తుంది. తర్వాత, బిల్లుల్ని ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికలో పెట్టమని అడగండి. 250 కోట్లకు పైబడిన టర్నోవర్ ఉన్న కంపెనీలు అందులో నమోదు కావాలి. అక్కడ కంపెనీ మీ బిల్లును ఒప్పుకుంటే బ్యాంకులు కొద్దిగా తగ్గించుకుని మీకు ముందే డబ్బిస్తాయి, గడువు నాటికి కంపెనీ నుంచి రాబట్టుకుంటాయి. ఇది గొడవ కాదు కాబట్టి సంబంధం చెడదు. అదీ కుదరకపోతే ఇలాంటి బాకీల వివాదాలు తేల్చే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లండి. అక్కడి తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము జమ కట్టాలి. ఆ మాట వినగానే చాలామంది రాజీకి వస్తారు.

ఇంకొకటి. చిన్న సంస్థలకు ఎంత బాకీ ఉన్నదీ ప్రతి కంపెనీ తన వార్షిక లెక్కల్లో చూపాలి. ఆ పేజీ తీసి, సీఎస్‌ఆర్ పేజీ పక్కన పెట్టుకుని చదవండి. నేను ఏ కంపెనీ నివేదిక చేతికొచ్చినా మొదట చేసే పని అదే.

ప్రశ్న: మా కంపెనీ ఉద్యోగుల పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇచ్చి సీఎస్‌ఆర్‌లో చూపుతోంది. సరైనదేనా?
- ఒక ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: కాదు. సొంత ఉద్యోగులకు మాత్రమే అందే మేలు సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదు. పార్టీలకిచ్చే విరాళాలూ, సొంత సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌లూ అంతే. స్కాలర్‌షిప్పులు ఆపమని కాదు, అవి సిబ్బంది సంక్షేమం ఖాతాలో రాయాలి.

ప్రశ్న: మా ఊరి దగ్గర ఫార్మా కంపెనీ ఉంది. వాన పడిన రాత్రుల్లో వాగులోకి మురుగు వదులుతారు. బోరునీళ్లు తాగలేకుండా అయ్యాయి. ఇప్పుడు వాళ్లే వాటర్ ప్లాంటు పెట్టించి సీఎస్‌ఆర్ అన్నారు. ఊళ్లో సగంమంది వాళ్లను పొగుడుతున్నారు. అడిగితే నన్ను అభివృద్ధి వద్దనేవాడిలా చూస్తున్నారు.
- ఒక యువకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: నీళ్ల క్యాన్ తెచ్చుకుంటున్న వాళ్లను తప్పుపట్టకండి. దాహానికి వాదనలుండవు. కానీ చట్టప్రకారం తప్పనిసరైన పని చేసి దాన్ని సీఎస్‌ఆర్‌గా చూపడానికి వీల్లేదని నిబంధనలే చెబుతున్నాయి. వ్యర్థ జలాలను శుద్ధి చేయడం ఆ కంపెనీ బాధ్యత, నీళ్లు పాడుచేస్తే నష్టం పూడ్చడమూ దాని బాధ్యతే. వాగును చెడగొట్టి ప్లాంటు పెట్టించినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు.

మీ జిల్లాలోనే దీనికి చరిత్ర ఉంది. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల మురుగుతో నక్కవాగు ఎలా అయిపోయిందో మీ పెద్దలు చూశారు. 1990లో దాని మీద వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రైతులకు నష్టపరిహారం వచ్చిందంటే వాళ్లు ఏళ్ల తరబడి వెంటపడ్డారు కాబట్టే.

మీరు చేయగలిగింది: కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రం నకలు సమాచార హక్కు కింద తెచ్చుకోండి. బయటికి ఏం వదలవచ్చో, ఏం వదలకూడదో అందులోనే ఉంటుంది. గ్రామసభలో తీర్మానం చేయించి, నీటి నమూనా మండలి అధికారుల చేతే తీయించండి. మీరు సొంతంగా చేయించిన పరీక్ష మీకు నిజం తెలియడానికి పనికొస్తుంది, కేసులో బలం మాత్రం వాళ్లు తీసిన నమూనాకే. పరిహారం కోసం జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి అయిదేళ్లలోగా వెళ్లవచ్చు. ఒక్కరుగా వెళ్లకండి, రైతులందరూ కలిసి వెళ్లండి.

ప్రశ్న: సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు 108 అంబులెన్సులు తెచ్చారు, పల్లెల్లో ఫౌండేషన్ నడిపారు. అంత మేలు చేసిన మనిషిని ఒక్క తప్పుతో కొట్టిపారేయడం న్యాయమా? మా క్లాసులో పెద్ద వాదనే జరిగింది.
- ఎంబీఏ విద్యార్థిని, గుంటూరు

జవాబు: 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. అది కాపాడిన ప్రాణాలను ఎవరూ తీసేయలేరు. ఆ సేవ తర్వాత ఇతర రాష్ట్రాలకూ వెళ్లింది, సత్యం కూలాక కూడా నిలిచింది. ఆ గౌరవం ఇవ్వాల్సిందే.

కానీ ‘ఒక్క తప్పు’ అన్న మాట దగ్గర నేను మీతో ఏకీభవించను. 2009 జనవరి 7న ఆయన బోర్డుకు రాసిన లేఖలోనే ఉంది: బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. అంత లోటు ఒక్క రోజులో పుట్టదు. ప్రతి మూడు నెలలకూ లెక్కలు ప్రకటించే కంపెనీలో ప్రతిసారీ అబద్ధాన్ని మళ్లీ ఎంచుకోవాలి. 2008 డిసెంబరు 16న రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యం సొమ్ముతో కొనాలని బోర్డు ఒప్పుకుంది. వాటాదారులు తిరగబడితే కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. అదే ఏడాది సుపరిపాలనకు సత్యానికి పురస్కారం కూడా వచ్చింది, తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఆయనతో సహా 10 మందికి ఏడేళ్ల శిక్ష వేసింది. అప్పీలులో పై కోర్టు శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

రిటైర్మెంటు సొమ్ముతో ఆ షేర్లు కొన్నవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లకు చెందాల్సిన నిజం వాళ్లకు చెప్పలేదు. అంబులెన్సు ఎక్కి బతికిన మనిషి ఆ బాకీని మాఫీ చేయలేడు, ఆ హక్కు అతనిది కాదు. మీ క్లాసులో ఈ ప్రశ్న అడిగి చూడండి: మేలు పొందినవారూ, నష్టపోయినవారూ ఒకరేనా? కానప్పుడు రెండు ఖాతాలనూ కలిపి కొట్టేయడానికి మనమెవరం?

ప్రశ్న: నేను ఒక కంపెనీ అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. సీఎస్‌ఆర్ చెక్కు ఒక ట్రస్టుకు వెళుతుంది, కొంత కమీషన్ పట్టుకుని మిగతాది నగదుగా తిరిగొస్తుంది. వోచర్ల మీద నా సంతకం ఉంటుంది. నిద్ర పట్టడం లేదు.
- పేరు, ఊరు ప్రచురించవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ సంతకం ఆపండి. మీకు తెలిసి పెట్టే ప్రతి సంతకం మిమ్మల్ని సాక్షి స్థానం నుంచి నిందితురాలి స్థానానికి జరుపుతుంది. సంతకం ఎందుకు పెట్టలేకపోతున్నారో పై అధికారికి మర్యాదగా ఈమెయిల్‌లో రాయండి, నోటిమాటగా చెప్పవద్దు.

సీఎస్‌ఆర్ సొమ్ము అనుకున్న పనికే ఖర్చయిందని మీ సీఎఫ్‌ఓ ధ్రువీకరించాలి. కాబట్టి ఇది మీ ఒక్కరి భారం కాదు. మీది లిస్టెడ్ కంపెనీ అయినా, బ్యాంకు అప్పులు 50 కోట్లు దాటినా, ఫిర్యాదు చేసే సిబ్బందికి రక్షణ కల్పించే విజిల్ మెకానిజం ఉండి తీరాలి. అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కే రాయవచ్చు. బయటి ఆడిటర్‌కు చెప్పినా దారి ఉంది: కోటి రూపాయలు, ఆపైన మోసం కనబడితే ఆయన కేంద్ర ప్రభుత్వానికి తెలియజేయాల్సిందే.

అయితే ఫిర్యాదు పంపే ముందే ఒక క్రిమినల్ లాయరును కలవండి. ఇప్పటికే పెట్టిన సంతకాల గురించి ఆయన దగ్గర ఏదీ దాచవద్దు. ఏ కాగితాల నకళ్లు మీ దగ్గర ఉంచుకోవచ్చో, ఏవి ఆఫీసు దాటించకూడదో ఆయన్నే అడిగి, ఆ ప్రకారమే నడవండి.